ముల్లు: ఒక మట్టి శిల్పం డైరీ

మొదలు

రాతి మీద కూర్చుని, ఎడమ చీలమండను కుడి తొడ మీదకు లాక్కుని, అరికాల్లో గుచ్చుకున్న ముల్లును వెతుక్కుంటున్న నడివయసు స్త్రీ. మనిషి పరిమాణంలో సగం. మట్టితో చేసి ఆ మట్టినే కాల్చాలి. అచ్చు తీసి ఫైబర్‌లోనో కంచులోనో పోసే ఉద్దేశం లేదు. పని పేరు ప్రస్తుతానికి "ముల్లు".

భంగిమ నా సొంతం కాదు. రోమ్‌లోని కాపిటోలిన్ మ్యూజియంలో ఇలాగే కూర్చున్న కంచు బాలుడు ఉన్నాడు. 1471లో పోప్ నాలుగో సిక్స్టస్ ఆ నగరానికి ఇచ్చేసిన పాత కంచు విగ్రహాల్లో అదొకటి. ఖజురహో గోడల మీద అప్సరసలు నిలబడే కాలు పైకి మడిచి ముల్లు తీసుకుంటారు. నా కంటికి ఈ ఇద్దరికీ నొప్పి పెద్దగా ఉన్నట్టు కనిపించదు. బాలుడు చదువుకుంటున్నంత ప్రశాంతంగా ఉంటాడు. అప్సరసకు నడుము తిప్పి నిలబడడానికి ముల్లు ఒక సాకు. రెండూ గొప్ప పనులే. నేను చేయాలనుకున్నది మాత్రం వాటిలో లేని వెతుకులాట. ఉన్న ఒళ్లంతా అరికాలి మీద ఒక చిన్న చోటుకు చేరిపోయిన మనిషి కావాలి.

అలాంటి ఏకాగ్రతను ముఖంలో చూపించడం తేలిక: కనుబొమలు ముడిస్తే సరిపోతుంది. ఈ భంగిమలో ఆ వీలు లేదు, తల కిందికి వాలి ఉంటుంది, ముఖం ఎవరికీ సరిగ్గా కనిపించదు. కాబట్టి పనంతా ఒంటితో చేయించాలి. ఈ భంగిమను ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

అరచేతి బొమ్మలు

అరచేతిలో పట్టే చిన్న నమూనాలు వరసగా చేస్తున్నాను. కళ్లు, ముక్కు, వేళ్లు ఏవీ ఉండవు. పొట్టకు ఒక ముద్ద, ఛాతీకి ఒక ముద్ద, తలకు ఒక ఉండ, కాళ్లకు నాలుగు కడ్డీలు. ఈ పరిమాణంలో మట్టి అబద్ధం చెప్పదు. ముద్దల వాలు సరిగ్గా ఉంటే గది అవతలి నుంచి చూసినా మనిషి ఏం చేస్తోందో తెలుస్తుంది. లేకపోతే ఎన్ని వివరాలు చెక్కినా తెలియదు.

మోడల్‌గా కూర్చునే ఆవిడ నాకంటే పెద్దవారు, చాలామంది శిల్పుల దగ్గర కూర్చున్న అనుభవం ఉంది. నేను మొదట చెప్పిన భంగిమలో కాసేపు కూర్చుని లేచి, "ఇది ముల్లు దొరికినవాళ్లు కూర్చునే తీరండీ. దొరకనంతసేపు ఇంత హాయిగా ఉండరు, ఇంకా వంగుతారు," అన్నారు. మళ్లీ కూర్చుని చూపించారు. గడ్డం దాదాపు మడమ దాకా వచ్చింది, భుజాలు చెవుల వైపు లేచాయి, నేల మీది కుడి పాదం వేళ్లు రాతిని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. ఊపిరి కూడా బిగబట్టారు, పక్కటెముకల మీద తెలిసిపోతోంది. ఆ భంగిమలో ఎవరైనా ఎక్కువసేపు ఉండలేరు. కాసేపు కూర్చోవడం, లేచి నడవడం, మళ్లీ కూర్చోవడం. ప్రతిసారీ కాస్త తేడాగానే కూర్చుంటారు. అది ఇబ్బందేమీ కాదు. పదిసార్లూ మారనిదేదో గమనిస్తే భంగిమకు వెన్నెముక ఏదో దొరుకుతుంది. ఇక్కడ మారనిది మెడ నుంచి కుడిచేతి వేళ్ల దాకా వెళ్లే ఒక వంపు.

అంతకుముందు చేసిన నమూనాలన్నీ నీళ్ల బకెట్‌లోకి వెళ్లాయి. ఆవిడ మాట తర్వాత చేసినది ఒక్కటే బల్ల మీద ఉంది.

మట్టి

ఎర్రమట్టి, అందులో ఐదో వంతు దాకా కాల్చిన మట్టిని నలగ్గొట్టిన రవ్వ. రవ్వ ఒకసారి కాలి ఉంది కాబట్టి ఇక కుంచించుకుపోదు; మట్టికి లోపల ఎముకలా నిలబడుతుంది, తేమ బయటికి రావడానికి దారులూ ఇస్తుంది. నున్నటి మట్టితో ఈ పరిమాణం బొమ్మ చేయడం నాకు ఇష్టం లేదు. చేతికి హాయిగా ఉంటుంది, ఆరేటప్పుడు ఏడిపిస్తుంది.

మట్టిని బాగా మర్దించాలి. దీనికి అందరూ చెప్పే కారణం గాలి బుడగలు ఉంటే కొలిమిలో బొమ్మ పేలుతుందని. బొమ్మను పేల్చేది గాలి కాదు, నీరు. ఆరని మందపాటి గోడలో చిక్కుకున్న నీరు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది, దానికి చోటు దొరకక గోడను చీల్చుకుని వస్తుంది. పూర్తిగా ఆరిన మట్టిలో బుడగ ఉన్నా ఏమీ కాదు. మర్దించడం తేమ అంతటా ఒకేలా ఉండడానికి, రవ్వ సమంగా కలవడానికి. వేలి కింద మెత్తగా ఒకచోట, గట్టిగా ఒకచోట తగిలే మట్టితో చెంప చేయలేం.

కుంచించుకుపోయే లెక్క ముందే తేల్చుకున్నాను. మట్టి పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరబెట్టి, కాల్చి కొలిస్తే 9.1 వచ్చింది. అంటే కాలాక సగం పరిమాణం రావాలంటే తడి మట్టిలో సగానికి మించి చేయాలి. మోడల్ మీద తీసిన ప్రతి కొలతనూ 0.55తో హెచ్చవేస్తే సరిపోతుంది. గడ్డం నుంచి నడినెత్తికి 22 సెంటీమీటర్లు ఉంటే మట్టిలో 12 పైచిలుకు. ఈ లెక్కతో ఒక చెక్క కొలబద్ద చేసి గోడకు తగిలించాను. రోజూ గుణించే ఓపిక నాకు లేదు.

నిలబెట్టడం

కాల్చే బొమ్మలో ఇనుము మిగలకూడదు. మట్టి కుంచించుకుంటుంది, ఇనుము కుంచించుకోదు. మధ్యలో చీలేది మట్టే. అందుకని పలకకు బిగించిన ఒక గొట్టం రాతి గుండా పొట్ట దాకా మాత్రమే వస్తుంది. దానికి వార్తాపత్రికలు మందంగా చుట్టాను. మట్టి గట్టిపడ్డాక బొమ్మను పైకెత్తితే గొట్టం కింది నుంచి జారి వచ్చేస్తుంది. పలకకూ మట్టికీ మధ్య కూడా కాగితమే.

సమస్య ఛాతీ. ముందుకు వాలిన మొండెం, దాని చివర తల, రెండు చేతులు: ఆ బరువంతా గాలిలో ఉంటుంది. గొట్టం అంత దూరం చేరదు. ఛాతీకీ తొడకూ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి, గడ్డం కింద ఒక కర్ర ఊతం పెట్టి, ఒక పొర వేసి ఆగి, అది తన బరువు తాను మోసేంత గట్టిపడ్డాక రెండో పొర వేస్తున్నాను. తొందరపడితే కడుపు దగ్గర మట్టి మెల్లగా కుంగుతుంది. ఆ కుంగడం కంటికి కనిపించదు. తూకానికి దారం కట్టి గుండు వేలాడదీసి, మెడ నుంచి నేలకు దిగే గీత ఎక్కడ పడుతోందో పలక మీద గుర్తు పెట్టాను. గుర్తు కదలకపోతే మరో పొర వేయవచ్చు.

మట్టి పనిలో నిదానాన్ని కళాకారుల తాత్వికతగా చెప్పుకోవడం విన్నాను. ఇందులో తత్వం ఏమీ లేదు. నీరు ఎంత వేగంగా ఆవిరైతే పని అంత వేగంగా సాగుతుంది.

వీపు

ఈ మధ్య చేసిందంతా వీపే. బొమ్మను తిరుగుడు బల్ల మీద పెట్టి, మోడల్‌ను కూడా ఒక తిరిగే పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరినీ ఒకే కోణానికి తిప్పి అంచు గీతను పోలుస్తాను. తర్వాత కొద్దిగా తిప్పి మళ్లీ. ఫ్రెంచ్ శిల్పి రోదా ఇలాగే పనిచేసేవాడు: చుట్టూ తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటిగా అంచులను పట్టుకుంటూ వెళ్లడం. ఎదురుగా కనిపించే ఉపరితలాన్ని కన్ను ఊహించుకుంటుంది, అంచును మాత్రం ఊహించుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చూడాల్సిందే. అన్ని అంచులూ సరిపోతే మధ్యలో ఉన్నది దానంతట అదే సరిపోతుంది.

వంగిన వీపు మీద మొదట కనిపించేది మెడ మొదట్లో పొడుచుకొచ్చే ఏడో వెన్నుపూస. అక్కడి నుంచి కిందికి పూసలు ఒక్కొక్కటిగా తేలతాయి. అన్నీ ఒకేలా చేస్తే పూసల దండలా, అలంకారంలా ఉంటుంది. నిజానికి ఒంపు ఎక్కువగా ఉన్నచోట పూసలు విడివిడిగా తేలి, నడుము దగ్గర కండరాల మధ్య గాడిలోకి మునిగిపోతాయి. ఈ మనిషి కుడి వైపు ఒరిగి ఉంది కాబట్టి ఆ వరస నిటారుగా కూడా దిగదు, మెత్తటి విల్లులా పక్కకు వంగుతుంది.

రెండు చేతులూ ముందుకు చాచినప్పుడు భుజపు రెక్క ఎముకలు వెన్నుకు దూరంగా, పక్కటెముకల చుట్టూ జారతాయి. వాటి లోపలి అంచులు చర్మాన్ని పైకెత్తుతాయి. ఎడమ చేయి పాదాన్ని గట్టిగా లాగి పట్టుకుంది, కుడి చేయి తేలిగ్గా ఉంది; కాబట్టి రెండు రెక్కలూ ఒకేలా ఉండకూడదు. ఎడమది దిగువకు లాగినట్టు, కుడిది భుజంతో పాటు చెవి వైపు లేచినట్టు. ఈ తేడా కొలిస్తే ఒక సెంటీమీటరు కూడా లేదు. అది పెట్టక ముందు ఆవిడ దేనికోసమో వంగిన మనిషి. పెట్టాక ఏదో చేస్తున్న మనిషి.

ఊపిరి బిగబట్టడం ఎలా చూపాలి? పక్కటెముకల పంజరాన్ని కాస్త వెడల్పు చేసి, కింది పక్కటెముక అంచు కింద పొట్టను లోపలికి లాగాను. పొట్ట మీది ముడతలు ముందు లోతుగా గీసినట్టుండేవి. ముడత గీత కాదు, రెండు మెత్తటి దిండ్లు కలిసేచోటు. గీతను చెరిపేసి, పైనా కిందా మట్టి చేర్చి, అవి ఒకదాన్నొకటి నొక్కుకునేలా చేశాను. నడివయసు ఒంటికి ఈ బరువు అందాన్నిస్తుంది. పడుచు ఒంట్లో కనిపించనిది ఇక్కడ దాచినా దాగదు.

పిరుదులు రాతిని తాకే చోట రాయి గెలవాలి. మాంసం చదునై, పక్కకు కొద్దిగా పొంగాలి. చాలా బొమ్మలు ఆసనం మీద కూర్చోవు, ఆసనం మీద పెట్టినట్టుంటాయి. కారణం ఈ చదును లేకపోవడమే.

తడుపుడు

వేరే పనుల వల్ల బొమ్మ జోలికి పోలేదు. నీళ్లు చిలకరించడం, తడిగుడ్డ కప్పడం, పైన ప్లాస్టిక్ కవరు చుట్టడం. తడిగుడ్డ వేళ్లకూ ముక్కుకూ తగలకుండా చుట్టూ పుల్లలు గుచ్చాను, గుడ్డ వాటి మీద ఆనుతుంది.

గుడ్డ తీసిన మొదటి క్షణంలో కళ్లు అలవాటు పడక ముందే తప్పొప్పులు తెలుస్తాయి. ఈ రోజు తెలిసింది: తల పెద్దది. చాలా కొద్దిగా, అయినా పెద్దది. కొలబద్ద సరిగ్గా ఉందనే అంటోంది. తల మన వైపు వంగినప్పుడు కొలత సరైనదే అయినా పెద్దదిగా కనిపిస్తుంది. మిల్లీమీటర్లలో తగ్గించాను. కొలబద్ద చూపించిన చోటికి వెళ్లాలి, అక్కడ ఆగిపోవాల్సిన అవసరం లేదు.

పాదం, చేతులు

ఈ బొమ్మకు అసలు ముఖం అరికాలు. చూసేవారి కన్ను వీపు మీద మొదలై చేతి మీదుగా దిగి అక్కడ ఆగాలి. పాదాన్ని ముఖం చేసినంత శ్రద్ధగా చేయాలి.

ఆవిడ పాదానికి అచ్చు తీసుకుని చూసి చేయవచ్చు కదా అన్నారు ఒక మిత్రుడు. 1877లో రోదా "కంచు యుగం" విగ్రహం ప్రదర్శిస్తే, బతికున్న మనిషి ఒంటికి అచ్చు పోశాడని నింద వేశారు. మోడల్ ఫొటోలు చూపించి అది అబద్ధమని వాదించుకోవాల్సి వచ్చింది. నాపైన ఎవరూ నింద వేయరు, ఆ భయం లేదు. అచ్చు వద్దనడానికి నా కారణం వేరు. అచ్చు తీసేటప్పుడు కాలు కదలకుండా ఉండాలి. కదలని కాలు సడలిపోతుంది. ఆ పాదానికి ముల్లు గుచ్చుకుని ఉండదు. నాకు కావలసిన పాదంలో బొటనవేలు మిగతా వేళ్ల నుంచి విడిపోయి పైకి లేస్తుంది, చిన్నవేళ్లు విచ్చుకుంటాయి, అరికాలి వంపు బిగుసుకుని అడ్డంగా ముడతలు పడతాయి.

పాదాన్ని ముందు చెక్కపలకలా చదునైన తలాలతో కట్టాను: మడమకు ఒక దిమ్మ, మధ్యలో ఏటవాలు తలం, వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా ఒక మెత్త. లోపలి వైపు వంపు ఎత్తు, బయటి వైపు దాదాపు నేలను తాకుతుంది. పైకి తిప్పి పెట్టిన పాదంలో కూడా ఆ తేడా తెలియాలి. వేళ్లు చివర. మొదట వేళ్లన్నీ కలిపి ఒకే మేజోడులా చేసి, దాని వంపు సరిపోయాకే విడదీశాను. గోళ్లు ఇంకా లేవు.

చేతుల దగ్గర చిక్కు వచ్చింది. ముల్లు ఇంకా దొరకలేదు కాబట్టి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అరికాలిని తాకకూడదు. మధ్యలో సందు ఉండాలి. అలాంటి సందున్న వేళ్లు, దేని మీదా ఆనని చేయి, ఆరేటప్పుడో కాలేటప్పుడో విరిగిపోవడం ఖాయం. అర్థానికి సందు కావాలి, మట్టికి ఆనుడు కావాలి.

దీన్ని మళ్లీ మోడలే తీర్చారు, తనకు తెలియకుండా. నిజంగా సన్నని పని చేసేవారెవరూ చేయిని గాలిలో ఉంచరు. చిటికెనవేలి వైపు అంచును పాదం మీద ఆనించి, మిగతా వేళ్లను స్థిరం చేసుకుంటారు. రాసేటప్పుడు కాగితం మీద చేయి ఆనించినట్టే. చిటికెనవేలు, దాని కింది అరచేతి అంచు మడమ మీద ఆనాయి. బరువు అక్కడికి వెళ్లింది. బొటనవేలు, చూపుడువేలు స్వేచ్ఛగా మిగిలాయి. వాటికీ అరికాలికీ మధ్య ఒక అగ్గిపుల్ల పట్టేంత సందు.

ముల్లు చెక్కాలా? లేదు. ముల్లు కనిపిస్తే చూసేవారి వెతుకులాట అక్కడితో అయిపోతుంది.

లోపలి ఖాళీ, అంటే ఛాతీ, తొడ, రెండు ముంజేతుల మధ్య చీకటి భాగం, పరికరానికి అందడం లేదు. వంచిన తీగ చివర చిన్న తీగ వలయం కట్టి దూర్చి చేస్తున్నాను, అద్దం ముక్క పెట్టి చూస్తున్నాను. ఎవరికీ కనిపించని చోటు అని వదిలేయవచ్చు. కానీ అక్కడ మట్టి ముద్దగా ఉంటే నీడ బరువుగా పడుతుంది. లోపల శుభ్రంగా తొలిస్తే నీడ లోతుగా పడుతుంది. ఆ తేడా బయటికే తెలుస్తుంది.

తల

మెడ దగ్గర సన్నని తీగతో తల కోసి తీసేశాను. కోసే ముందు కోతకు అడ్డంగా గీతలు పెట్టుకున్నాను, మళ్లీ అతికించేటప్పుడు అవి కలిస్తే కోణం తప్పదు. ఇప్పుడు తలను చిన్న కర్ర మీద గుచ్చి, వెలుతురుకు తిప్పి, తీరిగ్గా పని చేయవచ్చు.

ముఖం ఎవరికీ కనిపించదని తెలిసి కూడా దాని మీద చాలా సమయం వెళ్లింది. వంగి కింది నుంచి చూసేవారో, పిల్లలో చూస్తారు. అయినా అసలు కారణం వారు కాదు: ముఖం ఏం చేస్తోందో తెలియకపోతే మెడ ఏం చేయాలో నాకు తెలియదు. పెదవులు కొద్దిగా విడిపోయి, కింది పెదవి బరువుకు ముందుకు వాలింది. నుదురు ముడవలేదు. కళ్లు కిందికి చూస్తున్నాయి. కాబట్టి పై రెప్ప పొడవుగా, కనుగుడ్డు గుండ్రదనం మీద నున్నగా దిగుతుంది, కనుపాప దాదాపు దాగిపోతుంది. శిల్పంలో చూపు తెప్పించడానికి కనుపాపను తొలిచి నీడ నింపడం పాత పద్ధతి. ఫ్రెంచ్ శిల్పి హూదోన్ అయితే ఆ గుంతలో చిన్న ముక్కను వదిలేసి, దాని మీద వెలుగు మెరిసేలా చేసేవాడు. ఇక్కడ అవేవీ అక్కర్లేదు. రెప్ప అంచు ఒక్కటి పదునుగా ఉంటే కింద పడే సన్నటి నీడే చూపు అవుతుంది.

జుట్టు గురించి చాలా ఆలోచించాను. కాపిటోలిన్ బాలుడి తల అంతగా వంగి ఉన్నా, జుట్టు పాయలు ముందుకు వేలాడవు, నిటారుగా నిలబడ్డ మనిషి జుట్టులాగే మెడను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ తల వేరే పాత విగ్రహం నమూనాది, తర్వాతి కాలపు ఒంటికి కలిపారని పండితులు చెప్పడానికి అదొక ఆధారం. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా జుట్టు పట్టిచ్చేస్తుందన్నమాట! ఈవిడకు ముడి వేశాను. ముడి కాస్త వదులై, బరువుకు మెడ మీదకు కాక చెవి వైపు జారుతోంది. తప్పించుకున్న ఒక పాయ మాత్రం తిన్నగా నేల వైపు దిగుతుంది. అది కూడా విడిగా వేలాడదు, చెంపను ఆనుకునే ఉంటుంది. లేకపోతే కొలిమి దాకా రాదు.

కోసి తొలవడం

మట్టి తోలులా గట్టిపడింది. గోరు దిగుతుంది, వంగదు. ఇప్పుడే చేయాలి, ఇంకో రెండు రోజులు పోతే పరికరం జారుతుంది.

గొట్టం తీసేశాను. మొండేన్ని నడుము దగ్గర కోసి రెండు చేశాను, రాతిని వేరు చేశాను, ఎడమ కాలును తొడ మధ్యలో. తల ఎలాగూ విడిగానే ఉంది. బొమ్మను ముక్కలుగా కోయడం చూసి బెంబేలెత్తేవారు ఉంటారు. ఇటలీలోని చెర్వెతెరిలో దొరికిన ఎట్రుస్కన్ (రోమన్లకు ముందు అక్కడ ఉన్న జాతి) దంపతుల శవపేటిక, క్రీస్తుపూర్వం 520 ప్రాంతానిది, దాదాపు రెండు మీటర్ల పొడవైన కాల్చిన మట్టి పని. దాన్ని నాలుగు భాగాలుగా చేసి కాల్చారు. అంత పెద్ద ముక్కను ఒకటిగా కాల్చడం కంటే ముక్కలుగా కాల్చడమే తెలివైన పని. నేను మాత్రం తొలిచాక మళ్లీ అతికించి ఒకటిగానే కాలుస్తాను, నా కొలిమిలో పడుతుంది కాబట్టి.

తీగ వలయంతో లోపలి మట్టిని తోడేస్తూ గోడను సుమారు రెండు సెంటీమీటర్లకు తెచ్చాను. ముఖ్యం మందం ఎంతన్నది కాదు, అంతటా ఒకేలా ఉండడం. సూది గుచ్చి లోతు చూసుకుంటూ వెళ్లాను. ముంజేతులను కూడా మధ్యలో సన్నగా తొలిచాను, వేళ్లు గట్టిగానే ఉన్నాయి. ఒక ఖాళీ నుంచి మరో ఖాళీకి దారి ఉండాలి, చివరికి అన్నీ రాతి అడుగున ఉన్న రంధ్రానికి చేరాలి. తల ఖాళీ మెడ గుండా ఛాతీలోకి, ఛాతీది నడుము గుండా రాతిలోకి.

అతికించడం: రెండు అంచుల మీద అడ్డదిడ్డంగా గీతలు, చిక్కటి మట్టి జావ, నొక్కి కొద్దిగా జరపడం. జావ అంచుల నుంచి బయటికి పొంగితే పట్టు దొరికినట్టు. చేయి దూరేచోట లోపలి నుంచి సన్నటి మట్టి తాడు పెట్టి అతుకు మీద రుద్దాను. మెడ గీతలు కలిశాయి. తలను ఆ గీతల కంటే కాస్త ఎక్కువగా కుడి వైపు తిప్పాలనిపించింది, తిప్పాను.

పైపూత, ఆపడం

గోళ్లు పెట్టాను. అరికాలిని వేలితోనే నొక్కి ముగించాను. గీకితే రవ్వ పైకి లేచి గరుకు గీతలు పడతాయి, నొక్కితే రవ్వ లోపలికి దిగిపోతుంది. వీపు మీద చెక్క పలకతో తట్టిన గుర్తులను అలాగే ఉంచాను. వీపు గరుకుగా, పాదం నున్నగా ఉంటే కన్ను నున్నటి వైపు జారుతుంది. అంతా ఒకే నునుపు చేసిన బొమ్మలు నాకు సబ్బులా కనిపిస్తాయి.

చూసినప్పుడల్లా ఒక చిన్న దిద్దుబాటు కనిపిస్తోంది. నిన్న చేసిన దిద్దుబాట్లు ఈ రోజు మళ్లీ వెనక్కి తీస్తున్నానని గమనించాక పరికరాలు కడిగి పెట్టేశాను.

ఆరడం

ఇదే అన్నిటికంటే పొడవైన దశ. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. వేళ్లు, చెవులు, జుట్టు పాయ ముందుగా ఆరిపోతాయి, మొండెం ఇంకా తడిగా ఉంటుంది. ఆరినది కుంచించుకుంటూ ఆరనిదాన్ని లాగుతుంది. అందుకని సన్నటి భాగాలకు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విడిగా చుట్టి, మొత్తం బొమ్మ మీద వదులుగా కవరు కప్పి, రోజూ దాన్ని తిరగేసి, లోపల చెమర్చిన నీటిని తుడుస్తున్నాను.

కుడి మణికట్టు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. రెండు చేతులూ పాదమూ కలిసి ఒక మూసిన వలయం. వలయం కుంచించుకోవాలంటే అన్ని వైపులా ఒకేసారి కుంచించుకోవాలి, ఎక్కడో ఒకచోట లాగుడు తేలాల్సిందే. సన్నగా ఉన్నది మణికట్టు. అదే మట్టిని ఎండబెట్టి పొడి చేసి, వెనిగర్‌తో ముద్దలా కలిపి, సూది మొనతో పగుల్లోకి నొక్కాను. మరుసటి రోజు మళ్లీ సన్నగా తెరుచుకుంది, మళ్లీ నింపాను.

రంగు ముదురు నుంచి లేతకు మారింది, అయినా అది నమ్మదగ్గ గుర్తు కాదు, పైపొర ముందు ఆరుతుంది. చెంప ఆనించి చూస్తే రాతి భాగం ఇంకా చల్లగా ఉంది, అంటే తేమ ఇంకా బయటికి వస్తోంది. పలకతో సహా తూకం వేస్తున్నాను. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

కొలిమి

బరువు ఆగింది. కరెంటు కొలిమిలో అడుగున రవ్వ చల్లి దాని మీద పెట్టాను, కుంచించుకుంటూ జరగడానికి. మొదటి రాత్రంతా 80, 90 డిగ్రీల మధ్య, మూత కొద్దిగా తెరిచి. చల్లటి అద్దాన్ని సందు దగ్గర పెడితే ఆవిరి పట్టడం ఆగాక మూత వేశాను. అక్కడి నుంచి గంటకు 30, 40 డిగ్రీల చొప్పున 600 దాకా. మట్టి ఎముకలా ఆరినా దాని అణువుల్లో కలిసిపోయిన నీరు ఉంటుంది, అది ఈ దారిలోనే బయటికి పోతుంది. ఆ తర్వాత మట్టి నీళ్లలో వేసినా మళ్లీ మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజపు స్ఫటికాలు రూపు మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి; చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటాయి. పైకి వెళ్లేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ అక్కడ నెమ్మదిగా నడిపాను. చివరికి 1,000 డిగ్రీలు, కొంతసేపు అక్కడే నిలిపి ఆపేశాను.

లోపల ఏమవుతోందో చూడాలని ఉంటుంది. వేడి 100 డిగ్రీల లోపుకు దిగేదాకా మూత తెరవకూడదు. తెరవలేదు.

కాలాక

ఎత్తు 50 సెంటీమీటర్ల నుంచి 45 పైకి దిగింది, పట్టీ చెప్పినట్టే. ఇనుము ఉన్న మట్టి కాబట్టి గాలి బాగా ఆడిన చోట ఎరుపు తేటగా వచ్చింది, ఛాతీ కింది చీకట్లో కాస్త గోధుమ రంగు. వేళ్లు అన్నీ ఉన్నాయి. అగ్గిపుల్ల సందు ఉంది, ఇప్పుడు కొంచెం ఇరుకు. మణికట్టు పగులు గీతగా మిగిలింది, గోరుతో తడిమితే తెలుస్తుంది. అక్కడ బరువు లేదు, కాబట్టి కాలాక మళ్లీ నింపలేదు.

రంగు వేయను. పల్చటి మట్టిరంగు నీళ్లు పూసి, తడిగుడ్డతో తుడిచేస్తే ముడతల్లోనూ వీపు మీది తట్టు గుర్తుల్లోనూ మాత్రం మిగిలింది. మైనం పూత ముందు అడుగున ఒకచోట ప్రయత్నించి వద్దనుకున్నాను. మెరుపు వల్ల అరికాలి ముడతల్లో నీడ చచ్చిపోతోంది.

మిగిలింది పీఠం. ఎత్తు 110 సెంటీమీటర్లు పెడితే నిలబడి చూసేవారికి ముఖం కొద్దిగా అందుతుంది, అందరూ అక్కడికే వెళతారు. 60 పెడితే నడినెత్తి, ముడి మాత్రమే. 90 దగ్గర మొదట మెడ పూస, దాని వెంట వీపు విల్లు, ఆ తర్వాత చేయి. ఆ కొలతే వడ్రంగికి ఇచ్చాను, పైపలక తిరిగేలా కింద బేరింగు వేయమన్నాను. ముందు వైపు ఏది, నగిషీ ఎటు చేయాలి అని అడిగాడు. నగిషీ అక్కర్లేదు, నాలుగు వైపులా ఒకేలా చేయమన్నాను.